అరవని గొర్రె : ఆకలిని గుర్తించే విద్య
(వైశాఖ పూర్ణిమ సభలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఉదయం నుండి ఈ వేదిక మీద పండితులు ప్రతీత్యసముత్పాదాన్ని గురించి, ఆచార్య నాగార్జునుని గురించి మాట్లాడారు. నాకు తెలిసిన విద్య గొర్రెల వైద్యం. మీ వృత్తి అనుభవం నుండి కరుణను గురించి చెప్పండి అని నిర్వాహకులు అడిగినప్పుడు కొంత సంకోచించాను. ఆలోచించగా నేను చెప్పదగిన సంగతి ఒక్కటే మిగిలింది. గొర్రె ఆకలితో ఉన్నదో లేదో ఎలా తెలుసుకోవాలి? వినడానికి చిన్న ప్రశ్న. దానికి జవాబు తెలియక నేను ఒక మందను పోగొట్టాను. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

ముందుగా ఒక సుత్తాన్ని గుర్తు చేయనివ్వండి. దీఘనికాయంలో కూటదంత సుత్తం ఉన్నది. మగధలోని ఖాణుమత గ్రామంలో కూటదంతుడనే బ్రాహ్మణుడు మహాయజ్ఞం తలపెట్టాడు. ఎద్దులు ఏడువందలు, కోడెలు ఏడువందలు, పెయ్యలు ఏడువందలు, మేకలు ఏడువందలు, పొట్టేళ్ళు ఏడువందలు యూపస్తంభం దగ్గరకు చేరాయి. యజ్ఞవిధానం అడగవచ్చిన అతడికి భగవానుడు పశువును చంపని, చెట్టును నరకని, పనివారిని దండించి పని చేయించని ఒక పూర్వకాలపు యజ్ఞకథ వినిపించాడు. కూటదంతుడు ఆ జీవాలన్నింటినీ విడిచిపెట్టాడు. మన ఉపన్యాసాలలో కథ సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. సుత్తం ఆగదు. కట్లు విప్పిస్తూ అతడు వాటికి పచ్చని గడ్డి దొరకాలని, చల్లని నీరు దొరకాలని, చల్లని గాలి సోకాలని కోరుకున్నాడు. కత్తి దించినంత మాత్రాన ఆ ఏడువందల పొట్టేళ్ళ పట్ల తన పని అయిపోలేదని అతడికి తెలిసింది.

బ్రిటన్‌లో 1965లో బ్రాంబెల్ కమిటీ, ఆ తరువాత 1979లో అక్కడి పశుసంక్షేమ మండలి చెప్పిన అయిదు స్వేచ్ఛలలో మొదటిది ఆకలిదప్పుల నుండి విముక్తి. మన సుప్రీంకోర్టు 2014 మే 7న నాగరాజ కేసు తీర్పులో ఆ అయిదింటినీ మన్నించింది. అంతకు చాలా ముందే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం తన పశువుకు తగినంత మేత, నీరు, నీడ ఇవ్వని యజమానిని నేరస్థునిగా ఎంచింది. అయితే ఆ 'తగినంత' అనే మాటకు కొలత ఎవరు చెప్పాలి? గొర్రెయే చెప్పాలి. దానికి మాట లేదు. నడవడి ఉన్నది.

నేను ఉద్యోగంలో చేరిన మూడవ వేసవి. అనంతపురం ప్రాంతంలో ఒక ఊరు. ముందటి ఏడాది వానలు లేవు. సుమారు నూట ఇరవై గొర్రెల మందకు టీకాలు వేయడానికి ఉదయం వెళ్ళాను. మంద ఒక వేపచెట్టు కింద నిలబడి ఉన్నది. అరుపులు లేవు, తోపులాట లేదు, దగ్గరకు వెళ్ళినా బెదురు లేదు. పట్టుకుంటే పెనుగులాడలేదు. పని సులువుగా అయిందని సంతోషించాను. 'మంద ప్రశాంతంగా ఉన్నది, వ్యాధి లక్షణాలు లేవు' అని పుస్తకంలో వ్రాసుకున్నాను. రెండు వారాలు తిరగకముందే కబురు వచ్చింది. పద్దెనిమిది చచ్చిపోయాయి. వాటిలో ఎక్కువ చూడి గొర్రెలు. కోసి చూస్తే ఏ అంటువ్యాధీ కనబడలేదు. మూత్రపిండాల చుట్టూ ఉండవలసిన కొవ్వు కరిగి జిగురులా మారింది. పొట్టలో ఎండు పుల్లలు, తాటి నార, ఒక ప్లాస్టిక్ సంచి ముక్క ఉన్నాయి.

ఆ మందను కాచే ముసలమ్మ నన్ను తిట్టలేదు. కళేబరాల దగ్గర చతికిలబడి, "అరిసేదానికేం సామీ, దానికింకా ఆశ ఉండాది. అరవందాన్ని సూడల్ల" అన్నది. నాకు విశ్వవిద్యాలయంలో అయిదేళ్ళు చెప్పిన పాఠాలలో ఆ మాట లేదు.

ఆ ఉదయం నేను చూసి కూడా గ్రహించని సంగతి ఒకటి ఉన్నది. చెట్టు కింద అన్ని గొర్రెలు నిలబడి ఉంటే, ఒక్కదాని దవడ కూడా కదలలేదు. మేసిన గొర్రె నీడకు చేరితే నెమరు వేస్తుంది. మేత బాగున్న గొర్రె రోజులో దాదాపు ఎనిమిది గంటలు మేతకు, దాదాపు అంతే కాలం నెమరుకు వెచ్చిస్తుంది. తెల్లవారుజామున ఒక విడత, సాయంత్రం ఒక విడత గట్టిగా మేస్తుంది. మధ్యలో పడుకొని, కళ్ళు సగం మూసి, దవడ తిప్పుతూ ఉంటుంది. అది తృప్తి. నెమరు వేయడానికి లోపల ఏమీ లేక, మేయడానికి బయట ఏమీ లేక, శక్తి ఖర్చు కాకుండా నిలబడిపోవడం వేరే స్థితి. దూరం నుండి రెండూ ఒకే తీరుగా కనబడతాయి. నేను రెండవదాన్ని చూసి మొదటిది అనుకున్నాను.

గొర్రె తోడేలుకు ఆహారమైన జాతి. బలహీనత బయటపెట్టిన గొర్రెను తోడేలు ముందుగా ఎంచుకుంటుంది. కనుక నొప్పిని, నీరసాన్ని కప్పిపుచ్చుకోవడం దానికి వేల తరాల నుండి వచ్చిన స్వభావం. కుక్క మూలుగుతుంది, ఆవు అంబా అంటుంది. గొర్రె మాత్రం మందలో కలిసి నిలబడి, అందరిలాగే ఉన్నట్లు కనబడడానికి చివరి శక్తి దాకా ప్రయత్నిస్తుంది. ఇక ప్రయత్నించలేనప్పుడే వెనుకబడుతుంది. అందుచేత మందను చూడబోయినవాడు ముందు నడిచే గొర్రెలను చూసి లాభం లేదు. మంద కదిలేటప్పుడు చివర ఎవరున్నారు, దాణా తొట్టి దగ్గర వెలుపలి వరుసలో ఎవరు మిగిలారు, అన్నీ లేచాక ఆలస్యంగా లేచింది ఏది అని చూడాలి. మంద మొత్తానికి సగటు తీసేవాడికి ఆ ఒక్కటి ఎప్పుడూ కనబడదు.

పిల్లగొర్రెను భుజాన మోసిన సిద్ధార్థుని బొమ్మ మన ఇళ్ళలో చాలా గోడల మీద ఉన్నది. ఆ కథ పాళీ త్రిపిటకంలోనిది కాదు. ఎడ్విన్ ఆర్నాల్డ్ 1879లో వెలువరించిన 'లైట్ ఆఫ్ ఆసియా' కావ్యం ద్వారా లోకానికి పరిచయమైంది. అయినా ఆ కథలో గొర్రెలు తెలిసినవారు మెచ్చే సంగతి ఉన్నది. సిద్ధార్థుడు మొదట చూసింది కుంటుతూ వెనుకబడిన పిల్లను, ముందు పోయే పిల్లకూ వెనుకబడిన పిల్లకూ మధ్య అటూ ఇటూ పరుగెత్తే తల్లిని. ఎత్తుకోవడం ఆ తరువాతి పని. మనం బొమ్మలో ఎత్తుకోవడాన్నే గీసుకున్నాం.

ఇప్పుడు ఆకలి అంటే ఏమిటో కొంచెం విడదీసి చెప్పాలి. ఒక పూట ఆకలి వేరు, ఒక కాలమంతా సాగిన ఆకలి వేరు. గొర్రెకు ఎడమ పక్కన, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య డొక్క ఉంటుంది. దాని లోపల పెద్ద పొట్ట. ఆ డొక్క గుంటపడితే ఇవాళో నిన్ననో మేత సరిగా పడలేదని అర్థం. ఇది ఒక పూట లెక్క. కాలం లెక్క వెన్ను మీద ఉంటుంది. టాస్మేనియాలో జెఫ్రీస్ అనే అధికారి 1961లో దీనికి సున్న నుండి అయిదు వరకు ఒక కొలబద్ద చెప్పాడు. త్రాసు అక్కరలేదు, చేయి చాలు. చివరి పక్కటెముక వెనుక నడుము మీద అరచేయి ఆనించి, బొటనవేలితో వెన్నుపూస మొనలను, మిగతా వేళ్ళతో పక్కకు పొడుచుకువచ్చే ఎముకల కొనలను తడమాలి. మొనలు కత్తిలా తగిలి, వేళ్ళు ఎముకల కిందికి సులువుగా దూరితే అది ఒకటి. గుండ్రంగా, నున్నగా, కొంచెం నొక్కితే గాని ఎముక తెలియకపోతే మూడు. ఈనే కాలానికి గొర్రె మూడుకు దగ్గరగా ఉండాలి. మన దక్కని గొర్రెకు నల్లని ఉన్ని దట్టంగా ఉంటుంది. గొంగడి కింద మనిషి బక్కచిక్కినా తెలియనట్లే ఆ ఉన్ని కింద ఎముకలు కంటికి కనబడవు. నెల్లూరు గొర్రెకు ఉన్ని లేదు, కాళ్ళు పొడుగు. అది ఎప్పుడూ సన్నగానే కనబడుతుందని కాపరులు కూడా మోసపోతారు. రెండింటికీ చేతితో తడమడమే దారి.

డొక్క నిండిందంటే ఆకలి తీరిందని కూడా అనుకోవద్దు. వరిగడ్డితో, ఎండిన బోదతో పొట్ట నిండవచ్చు. శరీరానికి అందేది స్వల్పం. అలాంటి గొర్రె నిండు డొక్కతో కూడా వెదకుతూనే ఉంటుంది. తాడు నములుతుంది, మట్టి నాకుతుంది, పక్కదాని ఉన్ని పీకుతుంది. ఇవి ఖనిజలోపానికి గుర్తులు కూడా కావచ్చు గనుక తొందరపడి తీర్పు చెప్పకూడదు. నట్టలు పట్టిన గొర్రె మంచి మేత మేస్తూ కూడా చిక్కిపోతుంది. దాని కింది కనురెప్ప విప్పి చూస్తే ఎర్రగా ఉండవలసిన లోపలి భాగం పాలిపోయి ఉంటుంది. దవడ కింద నీరు దిగవచ్చు. అలాంటిదాని ముందు ఎంత మేత వేసినా ముందు మందు కావాలి.

ఇవన్నీ శరీరం గురించి. గొర్రెకు ఆకలి అనుభవం ఎంత తీవ్రమో తెలియాలంటే దాన్నే అడగాలి. న్యూజిలాండ్ పరిశోధకులు అడిగారు. గొర్రెకు కొద్దిపాటి దాణా పెట్టి, మళ్ళీ కావాలంటే కొంత దూరం నడిచి రావాలని ఏర్పాటు చేశారు. ఆ దూరాన్ని పెంచుకుంటూ పోయారు. మేత సరిపడా అందిన గొర్రె ఒక దశలో ఇక చాలని మానుకుంటుంది. మేత తక్కువైన గొర్రె నడుస్తూనే ఉంటుంది. ఎంత వెల చెల్లించడానికి సిద్ధపడుతుందో, ఆకలి అంత. కాపరులకు ఈ కొలత లేకపోయినా దీని సారం తెలుసు. ముళ్ళకంపలో తల దూర్చి, ముఖం చీరుకుపోతున్నా రెండు ఆకులు అందుకొనే గొర్రెను చూపి "దీనికి కడుపు కాల్తాంది" అంటారు. మామూలుగా గొర్రె ఎంతో ఎంపిక చేసి మేస్తుంది. పై పెదవి చీలిక దానికి అందుకే ఉపయోగం. ఎంపిక మానివేసి దొరికినదల్లా ఆత్రంగా లాగే రోజున కాపరి జాగ్రత్త పడాలి. ఆత్రం కూడా మానివేసిన రోజున పశువైద్యుణ్ణి పిలవాలి. మనవాళ్ళు సాధారణంగా మూడవ దశలో, అది పడిపోయాక పిలుస్తారు.

గొర్రెకు ముఖం లేదని మనం అనుకుంటాం. మందలో అన్నీ ఒకటే అంటాం. ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ బృందం 2001లో ప్రకటించిన పరిశోధన ప్రకారం గొర్రె యాభై తోటి గొర్రెల ముఖాలను రెండేళ్ళకు పైగా గుర్తుంచుకోగలదు. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో గొర్రె నొప్పిని దాని ముఖంలో చదివే పద్ధతి ఒకటి ప్రకటించారు. కన్ను సన్నబడడం, చెంప బిగియడం, చెవులు వాలి మడతపడడం, ముక్కుపుటాల ఆకారం మారడం వంటివి అందులో లెక్కకు వస్తాయి. కుంటు రోగం, పొదుగు వాపు ఉన్న గొర్రెలలో వీటిని సరిచూశారు. ముఖం ముందు నుండే ఉన్నది, చూసేవారు ఆలస్యంగా వచ్చారు.

పిల్లల సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. ఉపాసికలు కొందరు ఇంటి పెరట్లో రెండు మూడు గొర్రెలు పెంచుకుంటున్నారు గనుక ఇది పనికివస్తుంది. కడుపు నిండిన పిల్లను నిద్ర లేపితే లేవగానే నడుము చాచి ఒళ్ళు విరుచుకుంటుంది. ఆకలిగా ఉన్న పిల్ల వీపు వంచి, నాలుగు కాళ్ళు దగ్గరకు తెచ్చి నిలబడుతుంది. నోట్లో వేలు పెడితే చల్లగా తగులుతుంది. తల్లి పొదుగును మళ్ళీ మళ్ళీ కుమ్ముతూ, ఒక నిమిషం కూడా తోక ఊపుతూ నిలకడగా తాగకపోతే అందులో పాలు లేవని అర్థం. అది వెనుక నుండి ఇతర గొర్రెల కాళ్ళ మధ్య దూరి పాలు దొంగిలించబోతుంది, తన్నులు తింటుంది. దాన్ని చూసి దుడుకు పిల్ల అని నవ్వుతాం.

తల్లి గురించి: గొర్రె సుమారు అయిదు నెలలు మోస్తుంది. పిల్ల పెరుగుదలలో ఎక్కువ భాగం చివరి ఆరు వారాలలోనే జరుగుతుంది. ఆ వారాలలో పెరిగిన గర్భం పొట్టను నొక్కి, మేత పట్టే చోటు తగ్గుతుంది. మన వేసవిలో ఆ వారాలే వస్తే, కవలలు కూడా ఉంటే, తన కొవ్వు కరిగించుకొని పిల్లలను పెంచుతుంది. ఆ కరుగుదల హద్దు మీరితే దాని రక్తమే విషమవుతుంది. మొదటి గుర్తు మంద నుండి విడిగా నిలబడడం. తరువాత చూపు ఆనదు, పళ్ళు కొరుకుతుంది, తల గోడకు ఆనిస్తుంది. నేను పోగొట్టిన మందలో చూడి గొర్రెలే ఎక్కువగా పోవడానికి ఇదే కారణం. అశోకుడు తన అయిదవ స్తంభశాసనంలో చూడివైన, పాలిచ్చే మేకలను, గొర్రెలను, ఆరు నెలలలోపు పిల్లలను చంపరాదని ఆజ్ఞాపించాడు. ఆ విభజన రాజప్రాసాదంలో పుట్టినది కాదని, ఎవరో కాపరి చెప్పగా వ్రాయించినదేనని నా ఊహ. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పే రెండవ శిలాశాసనం మన కర్నూలు ప్రాంతపు ఎఱ్ఱగుడి బండల మీద కూడా ఉన్నది. వీలున్నవారు వెళ్ళి చూడండి, దారిలో మందలు కూడా కనబడతాయి.

మజ్ఝిమనికాయంలోని మహాగోపాలక సుత్తంలో నేర్పరి అయిన పశుపాలకునికి ఉండవలసిన పదకొండు గుణాలు చెప్పబడ్డాయి. పశువు రూపం తెలిసి ఉండాలి, లక్షణాలలో నేర్పు ఉండాలి, ఈగ గుడ్లు ఏరివేయాలి, గాయాలకు కట్టు కట్టాలి, పొగ వేయాలి, రేవు తెలియాలి, నీరు తాగిందో లేదో తెలియాలి, దారి తెలియాలి, మేత చోటు తెలియాలి, పాలు చివరి చుక్క దాకా పిండకూడదు, పెద్ద ఎద్దులను ప్రత్యేకంగా ఆదరించాలి. భగవానుడు వీటిని భిక్షువుకు ఉపమానాలుగా చెప్పాడు. ఉపమానాన్ని వివరించడంలో మునిగి ఉపమానాన్నే మరచిపోయే అలవాటు మనకు ఉన్నది. నీరు తాగిందో లేదో తెలుసుకోవడమన్నది ఆ రోజుల్లో వినేవారికి చేతిపని. రేవు దగ్గర ఒక్కొక్క పశువు గొంతు కదలికను చూస్తూ నిలబడేవాడే ఆ మాటకు అర్థం తెలిసినవాడు. సతిపట్ఠానం అభ్యాసం చేసే మిత్రులకు నేను వేరే వివరించనక్కరలేదు. వచ్చిన అభిప్రాయాన్ని ఆపుకొని, ఉన్నది ఉన్నట్లు కొంతసేపు చూడడమే నాకు ఆ వేపచెట్టు కింద కుదరలేదు.

ఇక మనకు సంబంధించిన ఒక కఠినమైన విషయం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలు ఉన్నాయి. దేశం మొత్తం మీద ఉన్నవి 7.43 కోట్లు. అంటే దేశంలోని గొర్రెలలో దాదాపు సగం తెలుగు నేల మీద మేస్తున్నాయి. మనం దీక్ష తీసుకున్న తరువాత జాతరలో బలి ఇవ్వడం మానుకున్నాం. మంచిదే. కాని గొర్రెలు పెంచుతున్నాం, అమ్ముతున్నాం, మనలో చాలామంది మాంసం తింటున్నాం. తినాలా వద్దా అనే వాదం పెట్టడానికి నేను రాలేదు, దాన్ని సాకుగా చేసుకొని ఎవరి కంచాన్నో అవమానించేవారి పక్కన నిలబడను. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూరులో చేయించిన 22 ప్రతిజ్ఞలలో పదమూడవది ప్రాణులన్నింటి పట్ల దయ చూపుతానని, వాటిని రక్షిస్తానని చేసిన ప్రతిజ్ఞ. బతికి ఉన్నన్నాళ్ళు ఆ ప్రాణి కడుపు ఎలా ఉన్నదన్నది తినేవారికీ తిననివారికీ సమానంగా వర్తించే ప్రశ్న.

మేకలను బలి ఇస్తారు గాని సింహాలను ఇవ్వరు అనే మాట మన సభలలో తరచు వినబడుతుంది. ధైర్యం నూరిపోయడానికి అది మంచి మాటే, నేనూ చప్పట్లు కొట్టాను. అయితే ఆ మాటలో మేక పాత్ర బలహీనతకు గుర్తుగా ఉండడం మాత్రమే. దానికి ఏం అనిపించిందో అడిగినవారు లేరు. బాబాసాహెబ్ 1920 జనవరి 31న మొదలుపెట్టిన పత్రిక పేరు 'మూక్‌నాయక్'. మూగవారి నాయకుడు. మనుషులను గొర్రెలతో పోల్చడం నా ఉద్దేశం కాదు. ఆ పోలికతో మనల్ని అవమానించినవారు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది చూసేవాడి లోపం గురించి. మా తాత తరం వారు ఊరి చివర అరవకుండా నిలబడితే, ఊరివారు 'వీళ్ళు తృప్తిగా ఉన్నారు' అని వ్రాసుకున్నారు. నేను నా పుస్తకంలో 'మంద ప్రశాంతంగా ఉన్నది' అని వ్రాసుకున్నాను. ఆ రెండు వాక్యాలు ఒకే చేతివ్రాత అని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

కాపరిని నిందించి చేతులు దులుపుకోవడం కూడా సులువే. ఆ ముసలమ్మ గొర్రెలను ఎందుకు మేపలేకపోయింది? ఊరి బీడు పోయింది. వేరుశనగ కట్టె కొనడానికి డబ్బు లేదు. అమ్ముదామంటే కరువు ఏడాదిలో బక్క గొర్రెను కొనేవాడు లేడు. ఆమె కూడా ఆ పూట తిన్నదో లేదో నేను అడగలేదు. ధమ్మపదం ఆకలిని వ్యాధులన్నింటిలోకి మొదటిదిగా ఎంచింది. దాని వెనుక అట్ఠకథ చెప్పే సంఘటన ఆళవిలో జరిగింది. తప్పిపోయిన ఎద్దును వెదకి వెదకి అలసి వచ్చిన ఒక పేదవాడికి ముందు అన్నం పెట్టించి, అతడు తిన్న తరువాతనే భగవానుడు ధర్మం చెప్పాడు. పశువుల సంక్షేమం గురించి మాట్లాడేవారు ఆ పేదవాణ్ణి మరచిపోతే, వారి మాటలకు మందలో ఒక్క గొర్రె డొక్క కూడా నిండదు. కనుక మన సంఘాలు చేయదగినది కాపరులకు ఉపదేశం చేయడం కన్నా, వేసవికి ముందు సుబాబుల్, అవిసె నాటించడం, తుమ్మకాయలు ఏరించి నిల్వ చేయించడం, చూడి గొర్రెల వరకైనా గుప్పెడు దాణా పంచడం. ఇవి ఖర్చుతో కూడినవి. ఈ మధ్యాహ్నపు కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టమని అధ్యక్షులను కోరాను.

మన విహారం వెనుక పొలంలో నిన్న రాత్రి మంద కట్టిన కాపరి దంపతులు ఇంకా ఇక్కడే ఉన్నారు. నాలుగు గంటలకు మందను చెరువు వైపు తోలుతామన్నారు. ఆసక్తి ఉన్నవారు నాతో రండి. చేతులు కడుక్కొని, చెప్పులు చప్పుడు కాకుండా. వెళ్ళగానే ఎవరూ గొర్రెను పట్టుకోవద్దు, మాట్లాడవద్దు. మొదటి పావుగంట గట్టు మీద కూర్చొని చూద్దాం. ఎన్ని దవడలు కదులుతున్నాయో లెక్కపెట్టండి. నీటి దగ్గర చివర మిగిలేది ఏదో గుర్తుపెట్టుకోండి. తరువాత ఆ కాపరమ్మను అడిగి, ఆమె ఒప్పుకుంటే, దాని వెన్ను మీద చేయి వేసి చూద్దాం.